అంకెల వెనుకనున్న బిడ్డ



పరీక్షలు ముగిసిన పిమ్మట బిడ్డ ప్రోగ్రెసు రిపోర్టును తెచ్చి సంతకమునకై మన చేతికిచ్చును. మార్కులెన్ని వచ్చినవి, తరగతిలో ఎన్నవ స్థానము అను రెండు ప్రశ్నలతో మన విచారణ ముగియుచున్నది. ఆ కాగితము బిడ్డ యెంత వెనుకబడినదో చెప్పునుగాని, యెచ్చట చిక్కుకొన్నదో చెప్పదు. తల్లికిని గురువునకును ముఖ్యముగా కావలసినది ఆ రెండవ సంగతియే.

ఒక చిన్న లెక్కను చూడుడు. 52 నుండి 17 తీసివేయుమనగా ఒక బిడ్డ 69 అని వ్రాసినది. మఱియొక బిడ్డ 45 అని వ్రాసినది. ఇద్దఱికిని సున్నయే. మొదటి బిడ్డ తీసివేత గుర్తును చూడక కూడివేసినది. రెండవ బిడ్డ అప్పు తెచ్చుకొనుట తెలియక, ప్రతి స్థానమునందును పెద్ద అంకెనుండి చిన్న అంకెను తీసివేసినది. మొదటి బిడ్డకు ఒక్క హెచ్చరిక చాలవచ్చును. రెండవ బిడ్డకు పదులు, ఒకట్లు అను పాఠమును పుల్లల కట్టలు ముందు పెట్టి మరల మొదటినుండి చెప్పవలయును. రిపోర్టులోని సున్న యీ భేదమును మ్రింగివేయుచున్నది.

చదువుట విషయమునను ఇట్లే. ప్రథమ్ అను సంస్థ 2005వ సంవత్సరమున ప్రారంభించిన ‘అసర్’ పరిశీలనలో, పల్లెలయందు ఇంటింటికిని పోయి, పిల్లలను ఒక్కొక్కరిని కూర్చుండబెట్టి చదివించి చూతురు. అక్షరములు, మాటలు, ఒకటవ తరగతి స్థాయి పేరా, రెండవ తరగతి స్థాయి చిన్న కథ. చదువుటకు పరీక్ష యింతియే. 2024 నాటి లెక్క ప్రకారము, మన దేశపు గ్రామసీమలలో మూడవ తరగతి పిల్లలయందు ఆ కథను చదువగలిగినవారు నూటికి 27 మంది మాత్రమే. తక్కినవారికి పైతరగతుల పుస్తకములు మూసిన తలుపులు. చదువ నేర్వని బిడ్డకు సైన్సు లేదు, సోషలు లేదు. ఏటేట పెరుగు సిగ్గు మాత్రము కలదు.

అట్లయిన, ఇట్టి లెక్కలు తీసి ఉపాధ్యాయులకు పంపినచో చాలునా? చాలదని మన ఆంధ్రదేశముననే తేలినది. 2005-06 విద్యాసంవత్సరమున, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో నూరు గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలయందు పిల్లలకు పరీక్ష జరిపి, ఏది వచ్చునో ఏది రాదో వివరముగా వ్రాసి ఉపాధ్యాయులకిచ్చిరి. ఆ వివరములను వాడుకొను విధమును తెలిపిరి. బడులకు పోయి బోధన చూచిరి. సంవత్సరాంతమున కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ గారలు పోల్చి చూడగా, ఆ బడుల పిల్లలకును, అట్టి నివేదికలు అందని బడుల పిల్లలకును మార్కులలో భేదము కనబడలేదు. రోగమేదో తెలిసినది, మందు నోటికి చేరలేదు.

హర్యానాలో 2012-13లో వేఱొక మార్గము త్రొక్కిరి. ప్రభుత్వోపాధ్యాయులు బడివేళలలోనే దినమునకొక గంట కేటాయించి, ఆ గంటసేపు తరగతుల హద్దులను ప్రక్కకు పెట్టి, పిల్లలను వారికి వచ్చినదానినిబట్టి జట్లుగా కూర్చుండబెట్టిరి. అక్షరములు రానివారు ఒకచోట, మాటలు చదువగలవారు ఒకచోట, కథ చదువగలవారు మఱియొకచోట. పర్యవేక్షకులు వచ్చి పనిచూచి చేయూతనిచ్చిరి. హిందీ చదువుటలో పిల్లలకు మేలు కలిగినదని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మొదలగువారు జరిపిన పరిశీలనవలన తెలియవచ్చినది. ఇచ్చట అంకె బీరువాలో పడియుండలేదు. మఱునాడు బిడ్డ యెచ్చట కూర్చుండవలెనో, ఏమి నేర్వవలెనో అదియే నిర్ణయించినది.

ఇది యొక్క ఉపాధ్యాయుని వలన అగు పని కాదు. ఐదవ తరగతి పంతులమ్మ తన బిడ్డకు అక్షరములు రావని ఒప్పుకొని, ఆ గంటసేపు రెండవ తరగతి మాస్టారి జట్టుకు పంపవలయును. ఆయనయు ఆ బిడ్డను తనదానిగా చూచుకొనవలయును. మన తెలుగు రాష్ట్రములందు చుట్టుప్రక్కల బడుల ఉపాధ్యాయులు కలిసికొనుటకు స్కూలు కాంప్లెక్సులున్నవి. 1964-66 నాటి కొఠారీ కమిషను కోరినదియు ఇట్టి కలయికయే. అచ్చట పిల్లల జవాబు కాగితములను బల్లపై పఱచి, ఈ తప్పు ఎందఱు చేసిరి, ఎందుకు చేసిరి, ఎవరి బోధవలన ఇది తీరినది అని మాటలాడుకొన్నచో, ఒకరి అనుభవము పదుగురి కుపకరించును.

అయితే ఒక జాగ్రత్త వలయును. మార్కులు తగ్గినవని ఉపాధ్యాయుని నలుగురిలో దండించుటకు ఈ లెక్కలను వాడరాదు. అంకె భయమునకు కారణమైనచో అది అబద్ధమాడ నేర్చును. రాని బిడ్డకు వచ్చినట్లు వ్రాయుటకంటె ఆ బిడ్డకు కీడు వేఱొకటి లేదు.

ఇందు మన పాలును కలదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య కమిటీలలో నాలుగింట మూడువంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండవలయును. మొత్తము సభ్యులలో సగము మంది స్త్రీలు కావలయును. కావున మనము మొగమాటపడి వెనుక వరుసలో కూర్చుండ నక్కఱలేదు. ‘నా బిడ్డ తనంతట తాను ఏమి చదువగలదు? ఎచ్చట ఆగిపోవుచున్నది? వచ్చు నెలలో దానికై బడిలో ఏమి చేయుదురు? ఇంటివద్ద మేమేమి చేయవలయును?’ అని వినయముగా, స్పష్టముగా అడుగుడు.

చదువురాని తల్లియు సాయంకాలము బిడ్డను దగ్గఱ కూర్చుండబెట్టుకొని ఒక పుట చదువుమని వినవచ్చును. బిడ్డ ఎచ్చట తడబడెనో అచ్చట పెన్సిలుతో చిన్న గీత పెట్టి, ఆ పుటను పంతులమ్మకు చూపిన చాలును. వందల బిడ్డల లెక్కలలో మన బిడ్డ పేరు మఱుగుపడకుండ ఆ చిన్న గీత కాపాడును.