టర్బో గాలి – ఎంతవరకు క్షేమం?

"ఇంకో అయిదు పి.ఎస్.ఐ. పెంచు అన్నా, ఏం గాదు!" టర్బో కారు చేతికొచ్చిన మన యువకులు మెకానిక్ షెడ్డులో అనే మాట ఇది. ఆ "ఏం గాదు" మీదనే నా అభ్యంతరమంతా.

టర్బో మంత్రం కాదు. 1905లో స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి పేటెంటు పొందిన సాధనం. బయటికి పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. దానితోపాటే తిరిగే రెండో చక్రం గాలిని వత్తి ఇంజనులోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే ఇంధనం ఎక్కువ మండుతుంది, బలం పెరుగుతుంది. మన ఓపెన్‌కాస్టు గనుల్లో బొగ్గు, మట్టి మోసే భారీ డంపర్లలో ఉన్నవీ టర్బో డీజిలు ఇంజన్లే.

అయితే గాలిని వత్తితే అది వేడెక్కుతుంది. సైకిలు పంపు పట్టినవాడికి ఈ సంగతి చెప్పనక్కర లేదు. వాతావరణ పీడనం 14.7 పి.ఎస్.ఐ. గేజీలో 7 చూపిస్తే లోపలి పీడనం దాదాపు ఒకటిన్నర రెట్లయిందని అర్థం. టర్బో సామర్థ్యం 70 శాతం అనుకుని లెక్క కడితే, 27 డిగ్రీల గాలి దాదాపు 80 డిగ్రీలకు చేరుతుంది. అదే 45 డిగ్రీల గాలి అయితే 100 డిగ్రీలకు! ఇంటర్‌కూలరు దాన్ని కొంత చల్లబరుస్తుంది గాని, బయటి గాలికంటే చల్లగా చేయలేదు. గేజీలో అంకె ఒక్కటే, ఇంజను పడే బాధ మాత్రం వేరు.

ఇక మన ప్రాంతం సంగతి చూడండి. రామగుండంలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. పైగా దుమ్ము. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోతే టర్బోకు అందే గాలి పీడనం తగ్గుతుంది. గేజీలో అదే అంకె రావాలంటే చక్రం ఇంకా వేగంగా తిరగాలి, గాలి ఇంకా వేడెక్కాలి. బెంగుళూరులో ఎవరో చల్లటి పొద్దున పెట్టుకున్న అంకె మనకెట్ల సరిపోతుంది?

హద్దు దాటితే ఏమవుతుంది? పెట్రోలు ఇంజనులో మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తానే పేలుతుంది. అదే నాకింగ్. పిస్టన్లు పగులుతాయి, గాస్కెట్టు పోతుంది. డీజిలులో సిలిండరు పీడనం, పొగ వేడి మితిమీరి పిస్టన్లనూ టర్బోనూ తినేస్తాయి. యూరియా ఎక్కువేస్తే వరి ఏపుగా ఎదిగి గాలివానకు పడిపోతుందని రైతుకు తెలుసు. ఇంజనుకూ అదే న్యాయం.

"కంపెనీవాళ్ళే ఒకే ఇంజనును రెండు రకాల బలంతో అమ్మలేదా?" అని వాదించేవాళ్ళున్నారు. నిజమే. ఫియట్ 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిలు మనదేశంలో 75, 90 హార్స్‌పవర్లతో వచ్చింది. కాని 90కి టర్బోనే వేరే రకం పెట్టారు. అంకె ఒక్కటే మార్చి ఊరుకోలేదు.

కనుక క్షేమమైన పీడనం అంటే ఎవరో చెప్పిన అంకె కాదు. ఇంజనులోని అతి బలహీనమైన భాగం, ఏడాదిలోని అతి వేడి రోజు కలిసి గీసే గీత అది. పెంచక తప్పదనుకుంటే ముందు ఫిల్టరు, గొట్టాలు, వేస్ట్‌గేటు సరిచూడాలి. ఒక్కొక్క పి.ఎస్.ఐ. చొప్పున పెంచుతూ ప్రతిసారీ లోపలి గాలి వేడి, నాకింగ్, ఇంధన మిశ్రమం కంప్యూటరులో నమోదు చేయించాలి. నాకింగ్ గుర్తు కనిపించకముందే ఆగాలి. పీడనం హద్దు దాటితే ఇంధనం తగ్గించే ఏర్పాటును ఎవరు చెప్పినా తీసేయకూడదు. రిజిస్ట్రేషన్ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదన్నదీ గుర్తుండాలి.

సెకండ్ హ్యాండు కారయినా, మన ఇండ్లలో అది అమ్మానాయనల ఏండ్ల కష్టార్జితం. రాజీవ్ రహదారి మీద లారీని దాటుతుండగా ఇంజను ఆగిపోతే పోయేది పైసలు మాత్రమేనా?

మిత్రులారా! వాయు నియమాలు పరీక్షలో మార్కుల కోసం రాసి మరిచేవి కావు. మన భౌతికశాస్త్ర విభాగం ఏడాదికొకరోజు ఊళ్ళోని మెకానిక్ అన్నలను పిలిచి, వాళ్ళ అనుభవాన్నీ మన లెక్కనూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాలని నా కోరిక. ఇద్దరికీ నేర్చుకోవలసింది ఉంది.