ఆ పాత ఆటలను తిరిగి ఇవ్వండి

1995లో షా వాలెస్ సంస్థ ద్వారా సెగా సంస్థ వీడియోగేమ్ యంత్రం మెగాడ్రైవ్ మన దేశానికి వచ్చినప్పుడు దాని ధర 18 వేల రూపాయలు. పాలికా బజార్‌లో వీడియోగేముల కోసం తిరిగే ఢిల్లీ కుర్రాళ్లలో చాలామందికి అది అందని ద్రాక్షే.

2001లో తన చివరి గేమ్ యంత్రం డ్రీమ్‌కాస్ట్ తయారీకి స్వస్తి చెప్పి, ఇకపై ఇతరుల యంత్రాలకే ఆటలు అందిస్తామని సెగా ప్రకటించింది. దాన్ని ఓటమిగా లెక్కగట్టినవారు పొరబడ్డారు. ఆ ఏడాదే సెగా ఆటల కథానాయకుడు సోనిక్ ఒకనాటి ప్రత్యర్థి నింటెండో గేమ్‌క్యూబ్‌పై పరుగుతీశాడు. 2022లో సెగా ఆట ‘పెర్సోనా 5 రాయల్’ పీసీకి వచ్చింది. నెహ్రూ ప్లేస్‌లో విడిభాగాలు కొని కంప్యూటర్ బిగించుకున్న విద్యార్థికీ అది దక్కింది. సెగా నిర్ణయం ముమ్మాటికీ సరైనదే.

అయితే 2024 డిసెంబరులో స్టీమ్ తదితర డిజిటల్ దుకాణాల నుంచి పదుల సంఖ్యలో పాత ఆటలను సెగా తొలగించడం ఆక్షేపణీయం. ముందే కొన్నవారికి అవి మిగిలాయి, కొత్తవారికి దారి మూసుకుపోయింది. క్రేజీ ట్యాక్సీ, జెట్ సెట్ రేడియోలను కొత్తగా తీర్చిదిద్దుతామని 2023లో చెప్పిన సంస్థే, ఏడాది తిరిగేసరికి వాటి పాత రూపాలను అమ్మకం నుంచి తప్పించడం ఏం న్యాయం? యంత్రాలను వదులుకున్న సంస్థకు ఆటలే ఆస్తి. సెగా వాటిని వెంటనే మళ్లీ అమ్మకానికి పెట్టాలి, మన కొనుగోలుదారులకు అందే ధరలో ఇవ్వాలి.