రైతు బజారులో రైతు నిలవాలంటే వంటింట్లో మార్పు రావాలి

విశాఖపట్నం: నగరంలో రైతు బజార్లకు పాతికేళ్లు దాటాయి. 1999 జనవరి 26న నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఈ పథకం, ప్రభుత్వాలు ఎన్ని మారినా పేరు మారకుండా నిలిచిన బహు కొద్ది పథకాలలో ఒకటి. ఎం.వి.పి. కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం, గోపాలపట్నం, గాజువాక రైతు బజార్లకు ఉదయం నుంచే జనం బారులు తీరుతున్నారు. ఆదివారం వస్తే కాలు మోపడానికి చోటుండదు. అయితే ఈ రద్దీని చూసి పథకం దివ్యంగా సాగుతోందని అనుకోవడానికి వీలు లేదు. బజారు నిండా జనం ఉన్నారు సరే, అమ్మేవారిలో రైతులెందరు? సంచి నిండా కాయగూరలున్నాయి సరే, వాటిలో చుట్టుపక్కల పండినవెన్ని? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెదుకుతూ పోతే అధికారుల కార్యాలయం దగ్గర మొదలై మన వంటింటి దగ్గర తేలుతుంది.

అసలు ఉద్దేశం

రైతుకూ కొనుగోలుదారుకూ మధ్య దళారీ లేకుండా చేయడమే రైతు బజారు ఉద్దేశం. పంజాబులో 1987లోనే 'అప్నీ మండీ' పేరుతో ఇటువంటి ప్రయత్నం జరిగింది. మన రాష్ట్రంలో రైతు బజార్లు వచ్చిన ఏడాదే, 1999 నవంబరు 14న, తమిళనాడు ప్రభుత్వం మదురైలో 'ఉళవర్ సందై' ప్రారంభించింది. మన పథకం ప్రకారం కాయగూరలు పండించే రైతును అధికారులు గుర్తించి కార్డు ఇస్తారు. బజారులో అతనికి అద్దె లేకుండా చోటు ఇస్తారు. టోకు ధరకూ బయటి చిల్లర ధరకూ నడుమ ఉండేలా ఏ రోజు ధర ఆ రోజు నిర్ణయించి పలక మీద రాస్తారు. ఎస్టేట్ ఆఫీసరు బజారును చూసుకుంటారు. రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువ, కొనేవారికి నాలుగు రూపాయలు తక్కువ. ఇదీ లెక్క.

ఈ ఏర్పాటు ఎంత అవసరమో చెప్పడానికి ఒక్క అంకె చాలు. రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరులో వెలువరించిన పరిశోధనా పత్రం ప్రకారం, టమోటా కోసం వినియోగదారు చెల్లించే రూపాయిలో రైతుకు దక్కుతున్నది 33 పైసలు. ఉల్లిపాయలో 36, బంగాళాదుంపలో 37 పైసలు. అంటే కిలో టమోటా 40 రూపాయలకు కొంటే పండించినవాడికి చేరేది 13 రూపాయలు. విత్తనం, ఎరువు, పురుగు మందు, కోత కూలి అన్నీ అందులో నుంచే వెళ్లాలి. అదే రైతు స్వయంగా బజారుకు వచ్చి అమ్ముకుంటే ఆటో కిరాయి పోగా మిగిలినదంతా అతని చేతికే వస్తుంది.

దూరపు సరుకు, దగ్గరి రైతు

ఇక్కడే చిక్కు వస్తున్నది. సగటు కుటుంబం వారానికి కొనే కాయగూరల జాబితా చూడండి. టమోటా, ఉల్లి, బంగాళాదుంప, క్యారెట్, బీన్స్, క్యాబేజీ. ఏ నెలలో చూసినా ఇవే. వీటిలో చాలా వరకు ఆనందపురం, పద్మనాభం మడుల్లో ఏడాది పొడుగునా పండేవి కావు. టమోటా మదనపల్లె నుంచి, ఉల్లి కర్నూలు, మహారాష్ట్రల నుంచి, బంగాళాదుంప ఉత్తరాది నుంచి లారీల్లో రావలసిందే. లారీ సరుకు వెంట రైతు రాడు, వ్యాపారే వస్తాడు. స్థానికంగా పండని సరుకును స్వయం సహాయక సంఘాల ద్వారా అమ్మించే వెసులుబాటు పథకంలో ఉంది. కాని రైతు పేరుతో కార్డు, బల్ల మీద మాత్రం వ్యాపారి అన్న ఫిర్యాదు చాలా ఏళ్లుగా వినవస్తున్నదే.

ఆ పక్కనే బచ్చలి కట్టలు, ఆనపకాయలు, కంద ముక్కలు పెట్టుకు కూర్చున్న ఆసామీ ఎండెక్కే వేళకు సగం సరుకు మిగుల్చుకుంటున్నాడు. ఆకుకూర సాయంత్రానికి వాడిపోతుంది. దాచుకోవడానికి వీలు లేదు. అడిగినంతకు ఇచ్చి పోవాలి, లేదా పశువుల ముందు వేసుకోవాలి. నాలుగు రోజులు ఇలా జరిగితే ఐదో రోజు అతను రాడు. అతని చోట లారీ సరుకు చేరుతుంది. వ్యాపారి వచ్చి రైతును తోసివేశాడని మనం అనుకుంటాం గాని, ఆ చోటు ఖాళీ కావడంలో మన సంచికీ వాటా ఉంది.

టమోటా చెప్పిన పాఠం

2023 వేసవి చివర జరిగినది పాఠకులకు గుర్తుండే ఉంటుంది. జూలై ఆఖరుకు మదనపల్లె మార్కెట్టులో మేలు రకం టమోటా కిలో 200 రూపాయలకు చేరువైంది. ప్రభుత్వం తానే కొని రైతు బజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మవలసి వచ్చింది. ఆ కిలో కోసం జనం గంటల తరబడి వరుసల్లో నిలబడ్డారు. సరిగ్గా రెండు నెలలు తిరగకుండానే, సెప్టెంబరులో, కర్నూలు ప్రాంతంలో కోత కూలి కూడా గిట్టక రైతులు టమోటాలను రోడ్డు మీద పారబోశారు.

ఇందులో వింత ఏమీ లేదు. టమోటా నారు పోసిన మూడు నెలలకు కోతకు వస్తుంది. ధర మండిపోతున్నప్పుడు ఊరంతా టమోటాయే వేస్తారు. ఆ పంటంతా ఒక్కసారి మార్కెట్టుకు వచ్చి ధర పడిపోతుంది. నష్టపోయిన వారు మరుసటి కారు మానేస్తారు. మళ్లీ కొరత, మళ్లీ మంట. ఈ ఊగిసలాటలో పెరిగినప్పుడు కొనేవారు ఏడుస్తున్నారు, తగ్గినప్పుడు రైతు ఏడుస్తున్నాడు. ధర ఎంత పెరిగినా టమోటా లేనిదే కూర కాదన్న అలవాటు ఈ ఊపును మరింత పెంచుతున్నది.

పులుపుకు కరవా?

నిజానికి టమోటా మన వంటింటికి ఆలస్యంగా వచ్చిన చుట్టం. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ పండును మన పెద్దలు రామములగ అనేవారు. అది రాకముందు తెలుగువారి పప్పు చప్పగా ఏమీ లేదు. ఒక్కో కాలానికి ఒక్కో పులుపు ఉండేది. మాఘ ఫాల్గుణాల్లో కొత్త చింతపండు, ఆపైన చింత చిగురు, వేసవిలో మామిడికాయ, తొలకరి తరువాత వాక్కాయ, వానలకు ఏపుగా ఎదిగే గోంగూర, కార్తికంలో ఉసిరి, ఎప్పుడూ అందుబాటులో చుక్కకూర, నిమ్మకాయ, పుల్లమజ్జిగ. టమోటా ధర తరచుగా పెరిగేది జూన్, జూలై నెలల్లో. సరిగ్గా అప్పుడే వాక్కాయ, గోంగూర బజారుకు వస్తాయి. వాక్కాయ పప్పు రుచి తెలిసిన ఇంట్లో టమోటా 200 రూపాయలైనా పొయ్యి ఆరదు. ఉన్న నాలుగు టమోటాలూ చారుకు సరిపోతాయి.

తరుగుతున్న మళ్లు

సమస్యకు మరో వైపు నేల ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి అనకాపల్లి వేరు జిల్లా అయింది. పాడేరు, అరకు ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. విశాఖ జిల్లాకు మిగిలిన పల్లె మండలాలు ఆనందపురం, పద్మనాభం, భీమునిపట్నం, పెందుర్తి అనే చెప్పాలి. ఒకవైపు ఆనందపురం నుంచి అనకాపల్లికి ఆరు వరుసల రహదారి, మరోవైపు భోగాపురం విమానాశ్రయం. ఈ రెంటి నడుమ కాయగూరల మళ్లకు రాళ్లు పాతి ప్లాట్లు వేస్తున్నారు. 2020 జనవరిలో నగరం చుట్టూ 10 మండలాల్లో 6 వేల ఎకరాలకు పైగా భూమిని ఇళ్ల స్థలాల కోసం సమీకరించడానికి ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చిన సంగతి విదితమే. ఇళ్లు కావలసినవే. కాని అర ఎకరంలో బెండ, బీర వేసుకుని మోపెడు మీద బజారుకు వచ్చే రైతుకు, ఆ అర ఎకరం అమ్మితే వచ్చే సొమ్ము జీవితమంతా కాయగూరలు అమ్మినా రాదు. అతన్ని నేల మీద నిలబెట్టగలిగింది రోజువారీ గిరాకీ ఒక్కటే. అది కూడా లేకపోతే రేపు రైతు బజారు అన్న పేరు మిగులుతుంది గాని అందులో రైతు మిగలడు.

ఆరోగ్యం లెక్క

చౌక కోసమో రైతు కోసమో కాకపోయినా మన ఒంటి కోసమైనా ఈ మార్పు అవసరం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనల ప్రకారం పెద్దవారికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు కావాలి. నలుగురు పెద్దలున్న ఇంటికి రోజుకు 1,600 గ్రాములు, వారానికి 11 కిలోల పైచిలుకు. ఎన్ని ఇళ్లలో ఇంత కూర వండుతున్నారు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. ఇనుము ఉన్న తోటకూర మాత్రం బజారులో చౌకగానే దొరుకుతోంది.

వండడం ఎంతసేపు?

ఆకుకూర బాగు చేయడానికి తీరిక లేదన్నది ఉద్యోగస్థుల ఇళ్లలో వినవచ్చే మాట. అందుకే ఫోనులో నొక్కితే ఇంటికి వచ్చే సరుకు వైపు మొగ్గుతున్నారు. బాగు చేయడం ఒక్క మనిషి పని కావడమే ఇందుకు మూలం. రాత్రి టీవీ ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని నాలుగు కట్టలు వలిస్తే పావుగంట పని. పురుషులు కూడా చేయి వేయవలసిన పని ఇది. వలిచిన ఆకును తడి లేకుండా గుడ్డలో చుట్టి పెడితే ఒకటి రెండు రోజులు నిలుస్తుంది. ఆకును తరిగే ముందు కడగాలి, తరిగాక కడిగితే సారం నీళ్లలో పోతుంది. కొద్ది నీటితో మూత పెట్టి ఉడికించాలి. ఉడికిన నీరు పారబోయరాదు. తినేటప్పుడు నిమ్మకాయ పిండుకుంటే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం అయిన వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది.

కందిపప్పుతో తోటకూర గాని బచ్చలి గాని ఉడికించి పోపు పెడితే అరగంటలో పప్పు సిద్ధం. కంద ముక్కలు, బచ్చలి చింతపండు పులుసుతో ఉడికించి, పొయ్యి మీద నుంచి దించాక నూరిన ఆవ కలిపితే కంద బచ్చలి కూర. ఆవ పొయ్యి మీద ఉండగా వేస్తే చేదెక్కుతుంది. ఒక ఆనపకాయతో ఒక పూట పాలు పోసి కూర, మరో పూట మజ్జిగ పులుసు. బీరకాయ కూర వండితే దాని చెక్కుతో పచ్చడి. వారం చివర మిగిలిన గుమ్మడి, ములక్కాడ, వంకాయ, చిలగడదుంప అన్నీ కలిపితే దప్పళం. వీటిలో దేనికీ మసాలా పొట్లం అవసరం లేదు. నూనె కూడా వేపుళ్లకు పోసినంత పట్టదు.

చేయవలసినవి

ఉభయుల బాధ్యతా ఉంది. కార్డు ఉన్నవారే బల్ల దగ్గర ఉన్నారా లేదా అన్నది అధికారులు తరచుగా తనిఖీ చేయాలి. కార్డులో రాసిన పంట చేలో ఉందో లేదో ఏటా చూడాలి. విశాఖ పల్లెలు తగ్గిపోయినందున పొరుగున ఉన్న అనకాపల్లి, విజయనగరం జిల్లాల రైతులకు జిల్లా హద్దు అడ్డు రాకుండా చోటివ్వాలి. స్థానిక రైతుల బల్లలు లోపల మూలన కాక ప్రవేశద్వారం దగ్గరే ఉంచి, ధరల పలక మీద చుట్టుపక్కల పండిన సరుకును వేరుగా రాస్తే కొనేవారికి తెలుస్తుంది. ఆకుకూరలకు నీడ, నీళ్లు సమకూర్చడం పెద్ద ఖర్చు కాదు. కాటాలకు తూనికల శాఖ ముద్ర ఉండేలా చూడడం కనీస ధర్మం.

కొనుగోలుదారులు చేయవలసినది ఇంతకన్నా తేలిక. ఏమి వండాలో ఇంట్లో నిర్ణయించుకుని బజారుకు వెళ్లడం మాని, ఆ రోజు దగ్గరి ఊళ్ల నుంచి ఏమి వచ్చిందో చూసి వంట నిర్ణయించుకోవాలి. 'ఏ ఊరు నుంచి తెచ్చావు బాబూ?' అని ఒక్క మాట అడగాలి. ఊరి పేరు చెప్పేవారి దగ్గర కొంత కొనాలి. పది రూపాయల కట్ట దగ్గర రెండు రూపాయల బేరం మానాలి. సంచిలో సగం ఉల్లి, బంగాళాదుంప ఉన్నా ఫరవాలేదు, మిగిలిన సగం ఈ నేలదైతే చాలు. ఆ సగం అమ్ముడైతేనే ఆనందపురం రైతు రేపు ఉదయం మళ్లీ బజారుకు వస్తాడు.