అద్దె ఇల్లు, మన సామాను

2020 అక్టోబరు వరదల్లో హైదరాబాదులో ఎన్నో బస్తీలు, కాలనీలు మునిగాయి. ప్రభుత్వం కుటుంబానికి 10,000 రూపాయల సాయం ప్రకటించింది. ఫ్రిజ్, బీరువా, పరుపులు, బట్టలు, బియ్యం అన్నీ పోయిన ఇంటికి అది ఏ మూలకు? ఇంటి యజమాని చేయించిన భవన బీమా అద్దెకున్నవాళ్ల సామానుకు వర్తించదు.

బీమా నియంత్రణ సంస్థ ఆదేశంతో 2021 ఏప్రిల్ నుంచి ‘భారత్ గృహ రక్ష’ అనే నమూనా పాలసీ వచ్చింది. అద్దెకున్నవాళ్లు ఇందులో సామానుకు మాత్రమే బీమా చేయించుకోవచ్చు. అగ్నిప్రమాదం, వరద, తుఫాను దీని పరిధిలోకి వస్తాయి. మామూలు దొంగతనానికీ, నగలకూ విడిగా అడగాలి.

నాకు ముఖ్యమనిపించే ప్రశ్న వేరు. పాలసీ ఎవరి పేర? స్త్రీధనం పూర్తిగా స్త్రీదేనని 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కానీ పాలసీ భర్త పేర ఉంటే, ఆమె జీతంతో కొన్న వస్తువుకైనా పరిహారం అతని చేతికే వస్తుంది. అందుకే రసీదులు మన పేర తీసుకోవాలి. సామాను జాబితా రాసి, ఫోటోలతో సహా ఇంటి బయట నమ్మకమైన చోట ఒక ప్రతి ఉంచాలి. పాలసీ మన పేర, కనీసం ఉమ్మడిగానైనా ఉండాలి. రేపు విడిపోవాల్సివస్తే ఆ జాబితా, ఆ రసీదులే ఆధారం.

బీమా ఉన్నంత మాత్రాన నాలాల ఆక్రమణలను చూస్తూ ఊరుకున్న ప్రభుత్వాల బాధ్యత తీరిపోదు. కూలి చేసుకు బతికే స్త్రీల ప్రీమియం ప్రభుత్వమే కట్టాలని అడుగుదాం. ఇల్లు మనది కాకపోవచ్చు, అందులోని కష్టార్జితం మాత్రం మనదే.