పిల్లల వినోదము: పిచ్చుకల కుచ్చు

1935లో కట్టిన మన మొజంజాహీ మార్కెట్టుకు పండ్లకై పోవునపుడు దారిలో పావురములను చూచి, తానును గింజలు చల్లెదనని బిడ్డ మారాము చేయుట సహజము. కాని పావురముల ఎండురెట్టల ధూళిని చిరకాలము పీల్చినచో కొందఱికి ఊపిరితిత్తులు చెడును. అట్లని బిడ్డకు గల దయాగుణమును అణచరాదు. ఇంటివసారాలో పిచ్చుకలకు విందు చేయింపుడు.

కాడలతో గూడిన వరికంకులను తెచ్చి, కాడలను మాత్రము తడిపిన విఱుగవు. వానిని మూడు పాయలుగ జడవలె అల్లి, మొదళ్లను నారతో బిగించి, నీడను ఆరనిండు. మన పల్లెలలో వసారా దూలములకు వ్రేలాడగట్టు కుచ్చు ఇదియే. పిచ్చుక కంకిని పట్టుకొని ఊగుచు గింజ నొలుచుకొనును. బరువైన పావురమున కది సుకరము కాదు. కంకులు దొరకనిచో కొబ్బరిచిప్పకు మూడు రంధ్రములు చేసి, త్రాళ్లుకట్టి, సజ్జలు గాని కొఱ్ఱలు గాని పోయుడు. రంధ్రములు చేయుట తల్లిపని. కంకులు అందించుట, గింజలు పోయుట బిడ్డపని.

కుచ్చును పిల్లి కందనంత ఎత్తున, విద్యుత్తు పంకాకు దూరముగ కట్టవలెను. మట్టిమూకుటిలో నీరు దినదినము మార్చవలెను. ఉప్పు కలిసిన అన్నము పెట్టరాదు. పిచ్చుక తన కూనలకు ముఖ్యముగ పురుగులను మేపును గనుక పెరటిమొక్కలపై విషపుమందులు చల్లకుడు. పని ముగిసినపిమ్మట బిడ్డచేతులు సబ్బుతో కడుగుట మఱువకుడు.

2010 మొదలు మార్చి 20వ తేదీని లోకమున పిచ్చుకల దినముగ జరుపుచున్నారు. ఆనాటికైన ప్రతి వసారాలో ఒక కుచ్చు వ్రేలాడునుగాక!