సెక్షన్ 43 చదవని సైబర్ పాఠాలు

సైబర్ భద్రతలో ఉద్యోగాలు బోలెడున్నాయి, ఇంటర్ నుంచే పిల్లలను తయారు చేయాలి అంటూ వస్తున్న కథనాలు సర్టిఫికెట్లు, జీతాల దగ్గరే ఆగిపోతున్నాయి. అయిదేళ్లలో 5 లక్షల మంది నిపుణులను తయారు చేస్తామని 2013 జాతీయ సైబర్ భద్రతా విధానంలోనే రాసుకున్నాం. ఇన్నేళ్లయినా ఒక ప్రశ్న ఎవరూ అడగడం లేదు. నేర్చుకున్న విద్యను విద్యార్థి ఎక్కడ సాధన చేయాలి?

ఐటీ చట్టం సెక్షన్ 43 ప్రకారం యజమాని లేదా బాధ్యుడి అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి ప్రవేశించడమే తప్పు. ఉద్దేశం మంచిదైనా నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. మూడేళ్ల దాకా జైలు సెక్షన్ 66లో ఉంది. 2008 సవరణ అక్కడ ఒక గట్టి షరతు పెట్టింది: అదే పనిని నిజాయతీ లేకుండానో, మోసపూరితంగానో చేస్తేనే నేరం. ఈ మాటల అర్థాన్ని చట్టం శిక్షాస్మృతి నుంచే తీసుకుంది. ఒకరికి అక్రమ లాభమో, మరొకరికి అక్రమ నష్టమో కలిగించాలన్న తలంపు ఉంటేనే నిజాయతీ లేనట్టు. పోర్టల్‌లో లోపం కనిపెట్టి, దాన్ని వాడుకోకుండా సంస్థకే చెప్పిన కుర్రాడికి ఆ తలంపు ఎక్కడిది? 66 అతనికి వర్తించదన్నది నా దృఢాభిప్రాయం. కానీ అది తేలేది కోర్టులో. ఈలోగా ఎఫ్ఐఆర్ చాలు, ప్రాంగణ నియామకం చేజారడానికి. ఆధార్ కేంద్ర డేటా నిలయం వంటి రక్షిత వ్యవస్థలకైతే సెక్షన్ 70 ఉంది. అక్కడ ప్రయత్నానికే పదేళ్ల దాకా శిక్ష.

అమెరికాలో 2020లో ఫెడరల్ పౌర సంస్థలన్నీ లోపాల వెల్లడి విధానం ప్రకటించాలని సైబర్ భద్రతా సంస్థ సీసా ఆదేశించింది. సదుద్దేశంతో పరిశోధించేవారిపై అభియోగాలు మోపవద్దని 2022లో న్యాయశాఖ తన ప్రాసిక్యూటర్లకు చెప్పింది. మన దేశంలో లోపాల సమాచారాన్ని కేంద్ర ప్రభుత్వ సైబర్ అత్యవసర స్పందన బృందం సెర్ట్-ఇన్ స్వీకరిస్తుంది. స్వీకరించినంత మాత్రాన అది యజమాని ఇచ్చిన అనుమతి అయిపోదు.

ఈ చిక్కు తీర్చడానికి పార్లమెంటు దాకా వెళ్లనక్కర్లేదు. సెక్షన్ 43 మొత్తం నిలబడింది అనుమతి అన్న ఒక్క మాట మీద. మీసేవ లాంటి పోర్టళ్లకు యజమానులు రాష్ట్ర ప్రభుత్వాలే. పైగా ఈ సెక్షన్ కింద ఫిర్యాదులు విచారించే అధికారి రాష్ట్ర ఐటీ కార్యదర్శి. ఏ పోర్టళ్లను పరీక్షించవచ్చు, ఏ సమాచారం ముట్టుకోకూడదు, లోపం ఎవరికి చెప్పాలి అన్నవి రాసి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఉత్తర్వు ఇవ్వవచ్చు. పద్దెనిమిది నిండని ఇంటర్ పిల్లలకు కాలేజీ ల్యాబే హద్దు కావాలి. ఆ ఉత్తర్వు ఇవ్వకుండా బీటెక్‌లో ఎథికల్ హ్యాకింగ్ పేపరు పెట్టడం బాధ్యతారాహిత్యం. రేపు ఫిర్యాదు వస్తే జవాబు చెప్పుకోవాల్సింది విద్యార్థే, సిలబస్ రాసినవారు కాదు.