సమందర్ కూడా మన పడోసీయే



మన సంగారెడ్డి, పటాన్‌చెరు ఇలాకాలో సముద్రం ఊసెత్తితే నవ్వుతారు. "సమందర్ ఎక్కడ, మనమెక్కడ భాయ్? కాకినాడ ఫికర్ కాకినాడ వాళ్లు పడతారు" అంటారు. మ్యాప్ ముందు పెట్టుకుని చూస్తే ఈ మాట నిలబడదు. పటాన్‌చెరు నుంచి సముద్రానికి ఒకటి కాదు, రెండు రాస్తాలున్నాయి.

మొదటిది కుదరతీ రాస్తా. ఇసకవాగు నక్కవాగులో కలుస్తుంది, నక్కవాగు మంజీరలో కలుస్తుంది. మంజీర నిజాంసాగర్ దాటి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి పాయల్లో ఒకటైన గౌతమి, కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల పక్క నుంచే సముద్రంలోకి వెళ్తుంది.

రెండోది ఇన్సాన్ వేసిన రాస్తా. వాగుల్లో జహర్ ఎక్కువైందని కోర్టుల దాకా పోయాక 18 కిలోమీటర్ల పైపులైన్ వేశారు. మన ఫ్యాక్టరీల నీళ్లు శుద్ధి కేంద్రం నుంచి ఆ పైపులో పోయి, హైదరాబాద్ మురుగులో కలిసి, అంబర్‌పేట ప్లాంట్ మీదుగా మూసీలోకి చేరతాయి. మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడా మడ అడవులే, కృష్ణా అభయారణ్యం.

అంటే మన ఒక్క బస్తీ గందగీ తెలుగు తీరంలోని రెండు పెద్ద నదుల వైపూ నడుస్తోంది. ఇలాంటప్పుడు సముద్రం మనకు దూరం ఎట్లా అవుతుంది?

ఆ మడ అడవుల్లో ఏముందో చూద్దాం. తెల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల లాంటి చెట్లు సగం తీపి, సగం ఉప్పు ఉన్న నీళ్లలో, బురదలో నిలబడి బతుకుతాయి. కొన్ని చెట్ల వేళ్లు గాలి కోసం బురదలోంచి పైకి పొడుచుకొస్తాయి. ఆ వేళ్ల సందుల్లో రొయ్య పిల్లలు, పీతలు, చేప పిల్లలు పెరిగి, పెద్దయ్యాక సముద్రంలోకి పోతాయి. మన దస్తర్‌ఖాన్ మీదికొచ్చే సముద్రపు చేపలో, రొయ్యలో ఆ బురద హిస్సా ఉంది. నీటి పిల్లి అనే అరుదైన జీవి కోరింగలోనూ, కృష్ణా తీరంలోనూ చేపలు పట్టుకుని బతుకుతుంది. కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. తుఫాను వస్తే అలల జోరుకు ముందు ఎదురు నిలిచేది కూడా ఆ చెట్లే. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వేల మంది జానులు తీసిన తీరం అది. అక్కడ మడ చెట్టు విలువ ఎవరికీ చెప్పాల్సిన జరూరత్ లేదు.

ఇక ఇక్కడి సంగతి. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించి నతీజా ప్రకటించింది. శుద్ధి చేశాక వదిలిన నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు వేసుకున్న మరీజ్ ఖూన్‌లో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. ఒక్క రోజులో పోతున్న మందు స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజులు వాడేదానికి సమానమని వాళ్లు లెక్క కట్టారు. 2009లో వచ్చిన మరో పరిశోధనలో చుట్టుపక్కల చెరువుల్లో, ఊళ్ల బావుల్లో కూడా మందులు దొరికాయి. అదే ఏడాది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు–బొల్లారంను దేశంలో అత్యంత కలుషితమైన 43 పారిశ్రామిక ప్రాంతాల లిస్టులో పెట్టింది. 2017లో గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి.

దీన్లో తహారత్ పాఠం చదివిన వాళ్లకు ఇక్కడ ఒక సవాల్ ఉంది. నీళ్లు పాకా కాదా అని చూడడానికి ఫిఖహ్ కితాబుల్లో మూడు నిషానీలు చెప్తారు: రంగు, రుచి, వాసన. మన వాగుల్లో ఒకప్పుడు ఈ మూడూ మారాయి, కాబట్టే రైతులు లేచారు, డాక్టర్ కిషన్ రావు గారి లాంటి వాళ్లు ఏళ్ల తరబడి లడాయీ చేశారు, 1990లో కేసు సుప్రీంకోర్టుకు పోయింది. కానీ యాంటీబయాటిక్ కలిసిన నీళ్లకు రంగు రానక్కరలేదు, వాసన రానక్కరలేదు. చూస్తే సాఫ్‌గానే కనిపిస్తాయి. వుజూ మసలా ఉలమాలు చెప్పాలి, ఫత్వా ఇచ్చే హైసియత్ నాకు లేదు. నేననేది ఇంతే: కంటికి సాఫ్‌గా కనబడ్డదల్లా సాఫ్ అని ఊరుకునే రోజులు పోయాయి. ఇప్పుడు నాలుగో నిషానీ లేబొరేటరీ రిపోర్టు. అది అడగడం కూడా తహారత్‌లో భాగమే.

"మధ్యలో ఇన్ని డ్యాములున్నాయి, ఇక్కడి జహర్ సముద్రం దాకా పోతుందా?" అని అడుగుతారు. జాయజ్ సవాలే. ప్రతి చుక్కా పోతుందని నేననడం లేదు. నీళ్లు దారిలో పలచబడతాయి. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందు చాలావరకు బురదకు అంటుకుని అడుగున ఉండిపోతుంది. కానీ ఆ బురదలో మందుకు లొంగని జరాసీమ్ పుడతాయి. మందు ఆగిన చోట అవి ఆగవు. పెరుగుతాయి, తమ తాఖత్‌ను వేరే జరాసీమ్‌కు అందిస్తాయి, వరదతో ముందుకు పోతాయి. మడ అడవి నడిచేదే బురదలోని మంచి బ్యాక్టీరియాతో. రాలిన ఆకును కుళ్లబెట్టి రొయ్యకూ పీతకూ రిజ్క్ చేసేది అవే.

పైగా ఆ తీరం ముందే బీమార్ అయి ఉంది. డ్యాములు ఒండ్రు మట్టిని ఆపేయడంతో గోదావరి, కృష్ణా డెల్టాల అంచులు కోతకు గురవుతున్నాయి. మడకు కావలసిన తీపి నీళ్లు ఎండాకాలంలో అందడం లేదు. రొయ్యల చెరువుల కోసం మడ నరికేశారు. ఆ చెరువుల్లో వాడే యాంటీబయాటిక్‌ల అవశేషాలు దొరికి, అమెరికా, యూరప్ మన రొయ్యల లోడ్లు వాపస్ పంపిన సందర్భాలూ ఉన్నాయి. కింది నుంచి ఆ మందు, పై నుంచి మన మందు. మంచం మీదున్న మరీజ్‌కు ఒక చెంచా జహర్ పోసి, "చెంచాడే కదా" అంటామా?

రెండో సవాల్ ఇంకా బరువైంది: "ఫ్యాక్టరీలు మూస్తే మన పిల్లలు ఏం తినాలి?" ఇక్కడ ఎన్ని ముస్లిం ఘరానాల చూల్హా షిఫ్టు డ్యూటీ మీద వెలుగుతోందో మనకు తెలుసు. మూయమని నేను అడగడం లేదు. ఇక్కడ తయారయ్యే దవాతో దునియాలో ఎంతోమందికి షిఫా దొరుకుతోంది, అది నేకీ. చాలా కంపెనీలు తర్వాత మంచి శుద్ధి యంత్రాలు పెట్టుకున్నాయి, అదీ ఒప్పుకోవాలి. కానీ గీత ఎక్కడ గీయాలో ఖానూన్ ఇంకా చెప్పలేదు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఫ్యాక్టరీ నీళ్లలో 121 యాంటీబయాటిక్‌లు ఎంత దాటకూడదో ముసాయిదా ఇచ్చింది. 2021లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు మాయమయ్యాయి. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల ఫ్యాక్టరీల నీళ్లపై మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా మన దగ్గర ఖామోషీ.

ఆ ఖామోషీని మనం తెంచగలమా అంటే నాకు మిసాలీ గుర్తొస్తుంది. టాంజానియాలో, జాంజిబార్ వైపు పెంబా పక్కన ఒక చిన్న జజీరా అది. చుట్టూ పగడపు దిబ్బలు, తాబేళ్లు గుడ్లు పెట్టే ఒడ్డు. మత్స్యకారుల్లో ఎక్కువమంది ముస్లిములే. కొందరు డైనమైట్ పేల్చి చేపలు పట్టేవారు. సర్కారీ హుకుం వాళ్ల మీద పెద్దగా పని చేయలేదు. 1990ల చివర్లో అదే మాటను ఖురాన్ వెలుగులో చెప్పినప్పుడు చాలామంది చెవిన పెట్టారు. సూరా రూమ్ 41వ ఆయత్ ఖుష్కీలోనూ సమందర్‌లోనూ ఫసాద్ గురించి, ఇన్సాన్ చేతుల కమాయీ గురించి మాట్లాడుతుంది. ఆ ఆయత్ మన ఇళ్లలోనూ తిలావత్ అవుతూనే ఉంది.

అందుకే నా గుజారిష్ మూడు. మస్జిద్ కమిటీలు ఏడాదికి కనీసం ఒక జుమా బయాన్ నీళ్ల మీద పెట్టించాలి, మన వాగుల పేర్లు తీసి చెప్పించాలి. ఫార్మసీ, కెమిస్ట్రీ చదివిన మన నౌజవాన్లు బస్తీలో కూర్చుని పరీక్షల రిపోర్టులు చదివి పెద్దలకు సమఝాయించాలి. ఓటు అడగడానికి వచ్చే ప్రతి నాయకుణ్ణి, ఏ పార్టీ అయినా, ఒకే సవాల్ అడగాలి: ఆ 121 మందుల హద్దులు ఎప్పుడు తెస్తారు?

పడోసీ హఖ్ అంటే మనకు గోడ అవతలి ఇల్లే గుర్తొస్తుంది. నీళ్ల దగ్గర మాత్రం పడోసీ అంటే దిగువన ఉండే ప్రతి మఖ్లూఖ్. కోరింగలో పీత పట్టుకునే మనిషి, హోప్ ఐలాండ్ ఒడ్డుకొచ్చే తాబేలు, మడ నీడలో పెరిగే రొయ్య పిల్ల. వాళ్లు మన గడప దాకా వచ్చి షికాయత్ చేయలేరు. వాళ్ల తరఫున అడగాల్సిన జిమ్మేదారీ పైన ఉన్న మనదే.